ఏడు మార్కుల ప్రశ్న

బెండిగోలో ఏప్రిల్ అంటే
ఎండాకాలం వెళ్లిపోతూ తలుపు వేయడం మరిచిపోయిన నెల.
కౌన్సిల్ వారి పార్కులో పొద్దున ఏడింటికే
నేనూ, కోరల్ ట్రెగెంజా, ఒక తోపుడు బండీ,
బండిలో రెండు ఇనుప మేకులూ, చుట్ట చుట్టిన తాడూ.

"ఇక్కడొక గుడ్డు కావాలి" అంది కోరల్,
బూటు కొనతో గాలిలోనే గీస్తూ.
"పది మీటర్ల పొడుగు, ఆరు వెడల్పు.
నిరుడు గీస్తే బంగాళాదుంపలా వచ్చింది."

గుడ్డు కాదమ్మా, దీర్ఘవృత్తం అనబోయి
నాలుక చివరే ఆపుకున్నాను.
నర్సరావుపేటలో పద్దెనిమిదేళ్లు
ఇంటర్ రెండో ఏడాదికి టూ-బీ చెప్పిన నాలుక అది.
సుద్దముక్కతో నాభి అని రాసిన ప్రతిసారీ
వెనక బెంచీ కిసుక్కుమనేది.
"మేడమ్, బొడ్లు రెండుంటాయా?" అని
ఓసారి లేచి నిలబడే అడిగింది షేక్ మస్తాన్‌బీ.
"ముందు ఫార్ములా రాసుకో, ఏడు మార్కులు" అన్నాను.
ఆ జవాబు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అయిదు వర్గంలోంచి మూడు వర్గం తీసేస్తే పదహారు.
దాని మూలం నాలుగు.
చేతి తొడుగు మీద వేలితో రాసుకుని
"మేకుల మధ్య ఎనిమిది మీటర్లు,
తాడు సరిగ్గా పది" అన్నాను.
వాన రాకడ పసిగట్టిన చీమని చూసినట్టు
చూసింది కోరల్.

మేకులు దిగాయి. తాడు బిగిసింది.
వంపులో కర్ర ఆనించి నడవడం మొదలుపెట్టాను.
ఒక మేకుకి దగ్గరైన కొద్దీ రెండోది దూరం.
ఇటు పెట్టింది అటు కోసుకుంటోంది తాడు,
మొత్తం మాత్రం పదే.
నల్లబల్ల మీద ఎన్నిసార్లు వర్గం చేసి కొట్టేశానో
ఆ రెండు వర్గమూలాలు
ఇవాళ నా మోచేతుల్ని లాగుతున్నాయి.
సగమయ్యాక తాడుని అవతలికి విసిరి
మిగతా సగం.

కోరల్ టేపు పట్టింది. అడ్డంగా ఆరు.
మళ్లీ పట్టింది. ఆరే.
"మా తాత బంగారు గనిలో పనిచేసేవాడు.
చీకట్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి
పైన ఎవరి వంటింటి కింద ఉన్నాడో చెప్పేవాడట" అంది.
అంతకన్నా పొగడ్త ఆమె దగ్గర లేదు.

తొమ్మిదింటికి నీళ్ల కంపెనీ కుర్రాడొచ్చి
కింద పైపు ఉందన్నాడు.
గుడ్డుని ముప్ఫై డిగ్రీలు తిప్పమన్నాడు.

నేను జేబులోంచి కాగితం తీశాను.
సమీకరణం మధ్యలో ఎక్స్‌వై పదం వచ్చి నిలబడింది,
పెళ్లి ఫోటోలో ఎవరి తరఫో తెలియని మనిషిలా.
దాని వెనకే రూట్ మూళ్లు, భిన్నాలు,
కొట్టివేతలు.

తల ఎత్తేసరికి
కోరల్ మేకులు పీకి, మళ్లీ దిగ్గొట్టి,
గుడ్డు గీసేసి, చెమట తుడుచుకుంటోంది.
"ఏమిటా రాత?"
వంకర తిరిగింది కదా, అదీ, అన్నాను.
ఆమె నా మోచెయ్యి పట్టుకుని
పైపు వారగా నాలుగడుగులు నడిపించింది.
"ఇక్కణ్ణుంచి చూడు."

ఇక్కణ్ణుంచి వంకర లేదు.
ఎక్స్ వర్గం బై ఇరవై అయిదు,
వై వర్గం బై తొమ్మిది,
కలిపితే ఒకటి.
అక్షాల పరివర్తనం అని ఫస్టియర్ పుస్తకంలో ఉండేది.
పరీక్షకి చిన్న ప్రశ్న.
చాలామంది వదిలేసేవాళ్లు, నేనూ వదిలేయమనేదాన్ని.

సాయంత్రానికి పాన్సీ మొక్కలు నాటడం అయిపోయింది.
మేకులు పీకేశాం.
గుడ్డు మిగిలింది, గీయించినవి లేవు,
మట్టిలో రెండు చిల్లులు తప్ప.
ట్రేలో ఇంకో రెండు మొక్కలున్నాయి.
"అవి వరసలో పడవు" అంది కోరల్, బండి తోసుకుపోతూ.

ఉంటాయి మస్తాన్‌బీ, రెండుంటాయి.
ఒకదాంట్లో పసుప్పచ్చది, ఒకదాంట్లో ఊదాది పెట్టాను.
ఎనిమిది మీటర్ల ఎడం.
కావాలంటే వచ్చి కొలుచుకో.